సముద్రం వాటా నీళ్లు



ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన పత్రికల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఎగువన వానలు పడి, శ్రీశైలం నిండి, నాగార్జునసాగర్ నిండి, పులిచింతల నిండి, ఇక్కడ ప్రకాశం బరాజు గేట్లు ఎత్తిన మర్నాడు వచ్చే వార్త అది. ఇన్ని వేల క్యూసెక్కుల కృష్ణా జలాలు వృథాగా సముద్రం పాలయ్యాయని రాస్తారు. చదివి మనం కూడా అయ్యో అనుకుంటాం. సాయంత్రం పిల్లల్ని తీసుకుని బరాజు మీదికి వెళ్తాం. డెబ్బై గేట్ల కింద నురగలు కక్కుతున్న నీటిని చూస్తాం, ఫొటోలు తీసుకుంటాం, వేడివేడి పునుగులు తిని ఇంటికొస్తాం. ఆ నీళ్లు గేటు దాటాక ఎటు పోయాయి, పోయి ఏం చేశాయి అన్నది మన విజయవాడ వాళ్లలో చాలామందికి పట్టదు.

ఈ పూట ఆ నీళ్ల వెంట వెళ్లొద్దాం. ఎంతో దూరం కాదు. బరాజు నుంచి సముద్రం దాకా వంద కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆ దారి చివర ఒక అడవి ఉంది.

అడవి అనగానే మనకు నల్లమల గుర్తొస్తుంది, మారేడుమిల్లి గుర్తొస్తుంది. కొండ, లోయ, వెదురు, టేకు ఉంటేనే అడవి అని మన లెక్క. కృష్ణా జిల్లాలో అడవి ఉందంటే నవ్వేవాళ్లున్నారు. వరిచేలూ చెరకుతోటలూ చేపల చెరువులూ తప్ప అక్కడేముంది అంటారు. కానీ నది సముద్రంలో కలిసే చోట, దివిసీమ అంచున, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1989లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 194 చదరపు కిలోమీటర్లు. ఇటు కృష్ణా జిల్లాలో కొంత, ఏటి అవతల బాపట్ల జిల్లాలో కొంత. సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ, అడవులదీవి, లంకెవానిదిబ్బ... ఇవీ అక్కడి రిజర్వు అడవుల పేర్లు. అంతా మడ అడవి. ఉప్పునీళ్లలో పెరిగే అడవి.

విజయవాడ నుంచి దివిసీమకు రెండు దారులున్నాయి. ఒకటి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరే దారి. రెండోది కృష్ణ కరకట్ట మీది దారి. తొందర లేనివాళ్లు కరకట్ట మీదే వెళ్లాలి. కుడిచేతి వైపు ఏరు, ఏట్లో లంకలు, లంకల్లో కంద, పసుపు, అరటి. ఎడమచేతి వైపు కట్ట దిగువన కనుచూపు మేర వరి. ఒక్క కట్ట అటు ఏటినీ ఇటు ఊళ్లనూ విడదీసి నిలబెట్టింది. తోట్లవల్లూరు దాటి శ్రీకాకుళం వస్తే ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. రాయలవారికి ఆముక్తమాల్యద రాయాలన్న ప్రేరణ ఈ గుడిలోనే కలిగిందని చెప్పుకుంటారు. దర్శనం చేసుకుని, అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఘంటసాలకు ఒక మలుపు తిరగండి.

ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉండేది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ తన గ్రంథంలో ఈ తీరాన కొంటకస్సిల అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది ఈ ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. రోమను వర్తకుల కాలం నాటి రేవు అన్నమాట. ఇప్పుడు ఆ ఊళ్లో నిలబడి చూస్తే సముద్రం ఛాయలే లేవు. సుమారు ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది. ఇంకా వెనక్కి, ఆరేడు వేల ఏళ్లు వెనక్కి వెళ్తే తీరం ఇప్పటి కొల్లేరు దగ్గరుండేదని భూవిజ్ఞానులు చెబుతారు. అక్కణ్నుంచి ఇవతలి నేలంతా కృష్ణా గోదావరులు ఎగువ నుంచి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, పధ్నాలుగు వందల కిలోమీటర్లు ప్రవహించి, దారి పొడవునా నేలను కడిగి తెచ్చి, కృష్ణమ్మ ఇక్కడ దించింది. మనం పంట పండిస్తున్నదీ ఇళ్లు కట్టుకున్నదీ దాని మీదే. ఈ ఒండ్రు సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే రావాలి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ తూర్పుగా తిరిగి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద పాయ దక్షిణంగా నాగాయలంక వైపు సాగుతుంది. ఈ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. నాగాయలంక దాటాక పెద్ద పాయ మళ్లీ చీలి గొల్లమట్టపాయ, నడిమేరు, అసలు కృష్ణ అని మూడుగా సముద్రంలోకి దిగుతుంది. మడ అడవి ఈ మూడు పాయల చుట్టూ అల్లుకుని ఉంది.

అక్కడికి చేరితే రోడ్డు అయిపోతుంది. ఏటిమొగ రేవులో ఎదురుమొండి వెళ్లే పంటు ఎక్కడం ఒక అనుభవం. రెండు పెద్ద పడవలను జోడించి మీద చెక్కలు పరుస్తారు. ఆటో, మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, సిమెంటు బస్తాలు, మంచం మీద పడుకోబెట్టిన రోగి, బడికెళ్లే పిల్లలు, అందరూ దాని మీదే. గాలి ఎక్కువైతే పంటు ఆగిపోతుంది. పంటు ఆగితే అవతలి ఊళ్లకు లోకంతో సంబంధం తెగిపోతుంది. మనం సరదాకి ఎక్కే పంటు వాళ్లకు ఆసుపత్రి దారి. అది గుర్తుంచుకుని, ఎక్కేటప్పుడు వాళ్లను ముందు ఎక్కనివ్వాలి.

అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, తెలిసిన పడవవాళ్లు తోడు కావాలి. అన్నిటికన్నా ముందు నీటి అనుమతి కావాలి. నేను వెళ్లిన పూట ఎండెక్కకముందే బయల్దేరదామని రేవులో నిలబడితే, పెద్దాయన పడవ తాడు విప్పడు.

“ఇప్పుడు కాదండి. పాటు తీస్తా ఉంది. ఇప్పుడెళ్తే లోపల బురదలో కూర్చోవాలి. పోటు తిరగనివ్వండి.”

“పోటు ఎప్పుడు తిరుగుతుంది బాబాయ్?”

ఆయన గడియారం చూడలేదు, సెల్ఫోనూ చూడలేదు. “ఇవాళ అష్టమి కదండీ. నీరు పెద్దగా రాదు. అమావాస్యకో పున్నానికో వచ్చుంటే అడవంతా నిండా చూద్దురు” అన్నాడు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుందనీ, అష్టమికి మందగిస్తుందనీ మనం సైన్సు పుస్తకంలో చదువుకుని మర్చిపోయాం. ఆయన బతుకుతెరువు దాని మీదే ఆధారపడి ఉంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. నిన్నటి కన్నా ఇవాళ ముప్పావుగంటకు పైగా ఆలస్యం. పడవ ఎప్పుడు వదలాలో, వల ఎప్పుడు కట్టాలో, అన్నం ఎప్పుడు తినాలో కూడా ఆ లెక్క ప్రకారమే.

పోటు తిరిగాక పడవ ఉప్పుటేరులోకి మళ్లింది. ఏరు సన్నబడే కొద్దీ రెండు పక్కలా చెట్లు దగ్గరికొస్తాయి. కొండ అడవిలో ఉన్నంత ఎత్తు చెట్లు ఉండవిక్కడ. ఆకాశం మూసుకుపోదు. మొదట చూస్తే ఇదేం అడవి, తుప్పలే కదా అనిపిస్తుంది. పడవ ఒడ్డుకి ఆనించి, కూర్చున్న చోటి నుంచే ఒక్క చెట్టును సావకాశంగా చూడాలి.

ఇక్కడ ఎక్కువగా కనిపించేది మడ చెట్టు. అందులో తెల్లమడ, నల్లమడ అని రకాలున్నాయి. చెట్టు చుట్టూ బురదలోంచి జానెడు ఎత్తున, పెన్సిలంత లావున, వందల కొద్దీ వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. మన ఎరికలో వేరు కిందికి పోవాలి. ఈ వేళ్లు పైకొస్తాయి. ఎందుకంటే ఆ బురదలో గాలి ఆడదు. పాటు తీసినప్పుడు ఈ వేళ్ల మీది సన్నటి రంధ్రాల్లోంచి చెట్టు గాలి పీల్చుకుంటుంది. పోటొచ్చి వేళ్లు మునిగితే, పీల్చిన గాలితో సరిపెట్టుకుంటుంది. ఇక ఉప్పు సంగతి. ఒక ఆకు మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటుంది. తాగిన నీళ్లలోని ఉప్పును చెట్టు ఆకుల మీదికి తోసి బయటికి పంపేస్తుంది. ఎండకు ఆకు మీద ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి.

ఉప్పుపొన్న పద్ధతి వేరు. అది ఉప్పును వేరు దగ్గరే వడకట్టి ఆపేస్తుంది. కాండం నుంచి వంగిన వేళ్లు దిగి బురదలో నాటుకుని ఉంటాయి. దాని కాయ చెట్టున ఉండగానే మొలకెత్తుతుంది. మునక్కాయలా వేలాడే ఆ మొలక బరువెక్కి ఒకరోజు తెగి పడుతుంది. పాటు సమయంలో పడితే తిన్నగా బురదలో గుచ్చుకుని అక్కడే బతుకుతుంది. పోటు సమయంలో పడితే నీళ్ల మీద తేలుతూ పోయి ఇంకెక్కడో ఒడ్డు చూసుకుంటుంది. విత్తనంగా నేలలో పడి మొలవాలంటే ఉప్పు బతకనివ్వదు కాబట్టి, తల్లి చెట్టు మీదే మొలిచి, ఎదిగి దిగే ఏర్పాటు అది. ఇంకొకటి తిల్ల చెట్టు. దాన్ని మాత్రం ముట్టుకోకండి. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. కంట్లో పడితే కన్ను పోయినంత పని చేస్తుంది. అడవిలోకి పుల్లలకెళ్లే వాళ్లందరికీ ఆ సంగతి చిన్నప్పటి నుంచే తెలుసు.

ఈ మడజాతి చెట్ల వంశం కోట్ల ఏళ్ల నాటిది. వాటి కింది నేల మాత్రం మన డెల్టా మొత్తంలో అన్నిటికన్నా చిన్నవయసుది. ఒండ్రు కొత్తగా దిగిన చోట మొదట వచ్చి నిలబడేవి ఈ చెట్లే. పైకి పొడిచిన వేళ్ల మధ్య నీటి వడి తగ్గుతుంది. వడి తగ్గిన చోట మట్టి పేరుకుంటుంది. మట్టి పేరుకున్న చోట ఇంకో మొక్క లేస్తుంది. అలా ఏరు తెచ్చిన మట్టిని పట్టి ఉంచి నేల చేసేది ఈ అడవి.

పడవ చప్పుడు ఆపితే బురద కదలడం మొదలవుతుంది. ఒక గిట్ట తన ఒంటికన్నా పెద్దగా ఉండే చిన్న ఎర్ర పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి ఆ గిట్టను ఊపుతుంటాయి. బురద మీద గెంతే చేపలుంటాయి, నీళ్లలో ఉన్నంతసేపు ఒడ్డునా ఉండగలవి. పైన లకుముకి పిట్ట, గరుడ పక్షి. చలికాలంలో గూడబాతులు, రకరకాల కొంగలు. అదృష్టముంటే నీటికుక్కల గుంపు ఏరు ఈదుతూ కనిపిస్తుంది. ఇక్కడి అసలైన యజమాని బావురు పిల్లి మాత్రం పగలు కనిపించదు. మామూలు పిల్లికి రెట్టింపు పైగా ఉంటుంది, ఒంటి మీద మచ్చలు, కాలివేళ్ల మధ్య పలచటి పొర. నీళ్లలో దిగి చేప పట్టే పిల్లి అది. పులికిచ్చినట్టే దీనికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటిచ్చారు. బురద మీద దాని అడుగు చూడగలిగితే వచ్చిన పని అయినట్టే.

ఈ అడవిలో మనుషుల బతుకూ ఉంది. యానాదులు వల లేకుండా పీతలు పడతారు. బురదలో కన్నం చూసి, లోపల పీత ఉందో లేదో, ఉంటే ఎటు తిరిగి ఉందో చెబుతారు. ఇనప కొక్కెం లోపలికి పోనిచ్చి, పీత దాన్ని కరిచి పట్టుకోగానే బయటికి లాగి, గిట్టలు కట్టేస్తారు. అంతా రెప్పపాటు పని. ఆ పీత ఎక్కడెక్కడి హోటళ్లకో, చెన్నై మీదుగా విదేశాలకో పోతుంది. పట్టినవాడికి దక్కేది అందులో కొంచెమే. సముద్రంలో దొరికే రొయ్యల్లో, చేపల్లో చాలా వాటికి చిన్నతనమంతా ఈ మడచెట్ల వేళ్ల మధ్యే గడుస్తుంది. నిజాంపట్నం రేవులో వేలం పాడే సరుక్కీ ఈ బురదకీ ఉన్న సంబంధం అది.

ఒడ్డుకొచ్చాక నాగాయలంకలోనో అవనిగడ్డలోనో ఒక పూట తిని బయల్దేరండి. మర్నాడు తెల్లవారుజామున హంసలదీవి వెళ్లండి. వేణుగోపాలస్వామి గుడి, అక్కణ్నుంచి పాలకాయతిప్ప బీచి, ఆపైన సాగర సంగమం. లోకుల పాపాలన్నీ కడిగి నల్లబడిన గంగ కాకి రూపంలో తిరుగుతూ ఇక్కడ మునిగి హంసగా మారిందని కథ. మాఘ పౌర్ణమికి వేలాదిగా వచ్చి మునుగుతారు. గంగ మురికి వదిలిన చోటని చెబుతూనే మనం ప్లాస్టిక్ సంచులూ చీరలూ సీసాలూ అక్కడ వదిలిపెట్టి వస్తాం. తీసుకెళ్లిన చెత్తను తిరిగి తెచ్చుకోవాలని ప్రత్యేకంగా చెప్పాల్సి రావడమే మనకు చిన్నతనం.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఎక్కి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వంద పైచిలుకు. అటవీ శాఖ సిబ్బంది, తీరం ఊళ్ల కుర్రాళ్లు వాటిని నక్కలూ కుక్కలూ తవ్వకుండా ఏరి తెచ్చి, కంచె వేసిన ఇసుకలో పూడ్చి పెడతారు. ఒకటిన్నర, రెండు నెలలకు పిల్లలు లేస్తాయి. అప్పుడు సముద్రంలోకి వదులుతారు. చూడ్డానికి వెళ్లేవాళ్లు టార్చి వేయకూడదు, చేత్తో పట్టుకుని ఫొటో దిగకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రాంతం తిరగడానికి వీలుగా ఉంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం వెళ్లకండి. ఈ సీమకు తుపానంటే ఏమిటో తెలుసు.

తిరుగు దారిలో పులిగడ్డలో ఉప్పెన స్మారకం దగ్గర ఆగాలి. 1977 నవంబరు 19, శనివారం. దాదాపు ఆరు మీటర్ల ఎత్తున సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లు అంటారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో వంశాలకు వంశాలు తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు, తుమ్మచెట్టుకు చిక్కుకుని బతికినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవనిగడ్డ ప్రతినిధిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారు మంత్రి పదవి వదిలేసి బాధితుల సేవలో దిగిపోయారు. దేశమంతా కదిలి వచ్చింది. తుపాను షెల్టర్లు వెలిశాయి, తీరం వెంట సరుగుడు తోటలు వేశారు.

మడ అడవి ఉంటే ఉప్పెన రాదని ఎవరూ అనరు. అంత నీటిని పూర్తిగా ఆపే చెట్టు లేదు. అడ్డం పడి వడి తగ్గిస్తుంది, అంతే. ఆ అంతే ఎంతో ఒడిశాలో లెక్క తేలింది. 1999 అక్టోబరు 29న అక్కడ వచ్చిన మహా తుపాను తర్వాత సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే పరిశోధకులు కేంద్రపడా జిల్లా ఊళ్లను పరిశీలించారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువగా ఉన్నాయని 2009లో ప్రకటించారు. దివిసీమ వాళ్లకు ఆ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి ఈ అడవిని మనం ఎలా చూసుకున్నాం? తెల్లదొరల కాలం నుంచి కూపుల లెక్కన వేలం వేసి వంటచెరకు కోసం నరికించాం. చెట్లు పోయిన చోట నేల ఎండి, కుంగి, పళ్లెంలా గుంట పడుతుంది. పోటు నీరు ఆ గుంటలోకి వస్తుంది గానీ పాటుకు వెనక్కి పోలేదు. అక్కడే ఎండి ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు మీద పెరిగే మడమొక్క కూడా తట్టుకోలేనంత ఉప్పు. 1990ల్లో రొయ్యల చెరువుల మోజు వచ్చింది. తీరంలో చెరువులు ఎలా పడితే అలా తవ్వడం కుదరదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పే దాకా వెళ్లింది వ్యవహారం.

బాగుచేసే పని కూడా జరిగింది. దాన్ని తప్పకుండా చెప్పుకోవాలి. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, తీరం ఊళ్ల ప్రజలు కలిసి 1990ల చివర్లో ఒక చిన్న ఉపాయం పట్టారు. పాడైన నేలలో ముందు మొక్కలు నాటలేదు. కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, చేప ముల్లు ఆకారంలో. ఉప్పుటేటికి కలిపిన ఆ కాలువల్లోంచి పోటు నీరు లోపలికొచ్చి, పాటుకు వెనక్కి పోవడం మొదలైంది. నీటి రాకపోకలతో ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు మడ మొక్కలు నాటితే బతికాయి. ఉప్పెన తర్వాత కొత్తగా కట్టుకున్న దీనదయాళపురం లాంటి ఊళ్లవాళ్లు ఆ పనిలో చేతులు కలిపారు. మడ అడవికి కావలసింది మొక్కకన్నా ముందు నీటి కదలిక అని దాంతో రుజువైంది.

ఇప్పుడు ఇందాకటి ఒండ్రు దగ్గరికి వద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఒక లెక్క ప్రకటించారు. 1960ల చివర్లో కృష్ణ ఏటా సుమారు తొంభై లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000 తర్వాత అది నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. తక్కిన మట్టి ఏమైంది? ఆనకట్టల వెనక జలాశయాల్లో దిగబడిపోయింది. ఇక్కడికి మట్టి రాకపోతే సముద్రం ఊరుకోదు. ఉన్నదాన్ని కోసుకుపోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల తీరం వెంట 1965 నుంచి 2008 మధ్య నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కోతకు గురైందని ఆ పరిశోధన తేల్చింది. ఘంటసాల రేవును లోపలికి నెట్టి, సముద్రాన్ని వెనక్కి తోసిన నది ఇప్పుడు వెనకడుగు వేస్తోంది. నేల చేసే అడవికి ముడిసరుకు అందడం లేదు.

నీళ్ల లెక్క కూడా చూద్దాం. కృష్ణలో నికరంగా 2060 టీఎంసీల నీళ్లున్నాయని బచావత్ ట్రైబ్యునల్ తేల్చి పంచింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. కూడి చూడండి. సరిగ్గా 2060. మూడు రాష్ట్రాల వాటాలు పోను మిగిలింది సున్నా. నది చివర ఉన్న అడవికీ చేపకూ పీతకూ ఇంత అని ఆ పంపకంలో ఎక్కడా లేదు. వానలు బాగా పడి వరదొచ్చిన ఏడు వాటికి నీళ్లు, కరువొచ్చిన ఏడు లేవు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బరాజు నుంచి రికార్డు స్థాయిలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వెళ్లాయి. అదే వారం బుడమేరు మన సింగ్‌నగర్‌ను ముంచింది కాబట్టి ఆ వరద మనకు కన్నీళ్లతోనే గుర్తుంటుంది. అలాంటి వరద రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఏళ్ల తరబడి పొడిగా ఉంచి, ఒక్క వారం ముంచెత్తడం నదీముఖానికి సరిపోయే తిండి కాదు. దానికి కావలసింది నెలనెలా కొద్దికొద్దిగా తీపి నీరు, దాంతో పాటు కాస్త మట్టి.

రైతు నోటి దగ్గరి నీళ్లు తీసి సముద్రానికి పోయమంటున్నానని అనుకోకండి. బరాజు కింద పన్నెండు, పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. దివిసీమ చివరి భూముల రైతు కూడా ఆ కాలువ నీళ్ల కోసమే ఎదురు చూస్తాడు. కానీ ఆ రైతునే అడగండి. నదిలో తీపి నీరు తగ్గితే ఉప్పునీరు ఏట్లోంచి ఎగదన్ని వస్తుందనీ, బోర్లు ఉప్పుబారుతున్నాయనీ, చేలల్లో చవుడు తేలుతోందనీ ఆయనే చెబుతాడు. చివరి ఆయకట్టు రైతూ, మడ అడవీ ఒకే పక్షం. ఇద్దరికీ కీడు పైకెక్కే ఉప్పు నుంచే. ఏడాది పొడుగునా నదిలో కొంత ప్రవాహం ఉంటే ఇద్దరూ నిలబడతారు. జలాశయాల్లో పూడికను వరద రోజుల్లో కిందికి వదిలే పద్ధతులు కూడా ఇంజనీర్లకు తెలియనివి కావు.

నీటి పంపకాల బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఎదురుమొండి కనిపించదు. పంటు మీద ఏరు దాటే మనిషి అర్జీ పట్టుకుని సచివాలయం దాకా రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. నీటిపారుదల ఆఫీసులూ, పత్రికల కార్యాలయాలూ, రైతు సంఘాల సభలూ, ఆకాశవాణి కేంద్రమూ అన్నీ ఉన్నది బరాజు పక్కనే. అందుకని ఈ చలికాలం సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒకసారి దివిసీమ వెళ్లిరండి. తిథి చూసుకుని వెళ్లండి, అక్కడి పడవే మాట్లాడుకోండి, అక్కడి చేపే తినండి. వచ్చాక మాత్రం ఊరుకోకండి. నదీముఖానికి ఏటా ఇన్ని టీఎంసీలు, ఫలానా నెలలో ఇంత అని నీటి విడుదల పట్టికలో ఒక గడి గీయించమని అడగండి. దివిసీమ గొంతు ఒక్కటే చాలదు. గేట్లు మన ఊళ్లో ఉన్నాయి కాబట్టి ముందు అడగాల్సింది మనమే.